మెదడు రసాయనాల కొలత: నిరూపణ కాని నమ్మకం

ఎంఆర్‌ఐ యంత్రంలోనే పడుకోబెట్టి, సూది గుచ్చకుండా, రేడియేషన్ సోకకుండా మెదడులోని రసాయనాల మోతాదులను లెక్కగట్టే ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ పరీక్ష గురించి పరిశోధన వర్గాల్లోనూ వైద్య ప్రచారంలోనూ ఒక అభిప్రాయం పెద్దగా ఎదురు లేకుండా చెలామణి అవుతోంది. ఆ అభిప్రాయం ప్రకారం ఈ పరీక్ష విశ్వసనీయత ఏనాడో తేలిపోయిన విషయం. ఒకే మనిషికి రెండుసార్లు చేస్తే ప్రధాన రసాయనాల విలువలు కొద్ది శాతం తేడాతో మళ్లీ అవే వస్తాయి. కనుక ఏ జబ్బూ లేని అరవై, డెబ్బై ఏళ్లవారికి ఇప్పుడొకసారి కొలిచి పెట్టుకుని, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కొలుస్తూ పోతే, మతిమరుపు వ్యాధులు బయటపడకముందే వాటి జాడ పట్టుకోవచ్చు.

ఈ వాదన గాలిలోంచి పుట్టినది కాదు. అల్జైమర్స్ రోగుల్లో ఎన్‌ఏఏ అనే రసాయనం తగ్గుతుందనీ, మయో ఇనాసిటాల్ పెరుగుతుందనీ అనేక పరిశోధన బృందాలు చూపాయి. హర్యానాలోని మనేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, మెదడును ఆక్సీకరణ నష్టం నుంచి కాపాడే గ్లూటాథయోన్ ఆ రోగుల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో తగ్గి ఉంటుందని 2015లో ప్రకటించారు. ఒకే మనిషిని వారం వారం కొలిచి, ఫలితాలు దగ్గర దగ్గరగా వచ్చాయని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. ఈ ఆధారాల్లో అబద్ధమేమీ లేదు. అయితే ఈ ఆధారాలు చెప్పేది ఒకటి, వాటి పేరు చెప్పుకుని నిలబెడుతున్న నిర్ధారణ మరొకటి. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలను ఒక్కొక్కటిగా చూడవలసి ఉంది.

అంతకుముందు పరీక్ష పనిచేసే తీరు కొంత తెలియాలి. మామూలు ఎంఆర్‌ఐ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల సంకేతంతో బొమ్మ గీస్తుంది. స్పెక్ట్రోస్కోపీ ఆ నీటి సంకేతాన్ని అణచివేసి, దాని కింద మరుగుపడిన ఇతర అణువుల హైడ్రోజన్ సంకేతాన్ని వింటుంది. ఒక్కొక్క అణువు పౌనఃపున్య రేఖ మీద ఒక్కొక్క చోట శిఖరంగా కనిపిస్తుంది: నాడీకణాల ఆరోగ్యానికి గుర్తుగా భావించే ఎన్‌ఏఏ ఆ రేఖ కొలమానంలో 2.0 పీపీఎం దగ్గర, శక్తి నిల్వకు సంబంధించిన క్రియాటిన్ 3.0 దగ్గర, కణపొరలకు సంబంధించిన కోలిన్ 3.2 దగ్గర, మయో ఇనాసిటాల్ 3.5 దాటాక. శిఖరం కింది వైశాల్యమే మోతాదుకు ఆధారం. ఈ రసాయనాల సాంద్రత నీటి సాంద్రతలో సుమారు పదివేలో వంతు మాత్రమే కావడంతో, చాలినంత సంకేతం కోసం సాధారణంగా రెండేసి సెంటీమీటర్ల భుజాలున్న ఘనాన్ని, అంటే ఎనిమిది మిల్లీలీటర్ల మెదడును, ఒకే ముద్దగా తీసుకుని నిమిషాల తరబడి కొలుస్తారు. ఆ ముద్దలో ఏమేమి ఉన్నాయన్నదే ముందుముందు అసలు చిక్కు.

1. రుజువైంది ఎవరి మీద?

విశ్వసనీయత తేలిపోయిందనేవారు తరచు చూపేది 2016లో టెర్‌ప్‌స్ట్రా బృందం ప్రచురించిన ప్రయోగాన్ని. మేలిరకం స్కానింగ్ పద్ధతితో, 3 టెస్లా, 7 టెస్లా అయస్కాంత బలం గల యంత్రాలు రెంటి మీదా, వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు కొలిస్తే ఐదు రసాయనాల విలువలు ఐదు శాతం లోపు విచలనంతోనే మళ్లీ వచ్చాయన్నది దాని ఫలితం. శ్రద్ధగా చేసిన మంచి పని అది. కాని అందులో పాల్గొన్నవారు ఆరుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులు. యంత్రాలు, నిపుణులు, పద్ధతి అన్నీ ఆ రంగంలో అత్యుత్తమమైనవి. ఆ ఫలితం ఆ పరిస్థితులకు చెందినది. విశ్వసనీయత అనేది యంత్రం కొనేటప్పుడు దానితోపాటు వచ్చే గ్యారంటీ కార్డు కాదు. ఏ జనం మీద, ఏ చోట, ఎంత వ్యవధితో, ఏ ప్రయోజనానికి కొలుస్తున్నారో ఆ కొలతకు చెందిన లక్షణం.

మరో పేరొందిన అధ్యయనం గాబా గురించి. నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే ఈ రసాయనం శిఖరం తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన క్రియాటిన్ శిఖరం కిందే దాగి ఉండడంతో దాన్ని ప్రత్యేక పద్ధతిలో విడదీయవలసి వస్తుంది. 2017లో 24 కేంద్రాలు కలిసి, 272 మందికి ఒకే నిర్దేశం ప్రకారం ఈ పరీక్ష చేస్తే, మొత్తం మీద విలువల చెదురు 12 శాతం, ఒక్కొక్క కేంద్రం లోపల సగటున 9.5 శాతం అని తేలింది. దీన్ని విజయంగానే చెప్పుకున్నారు, అందులో తప్పులేదు. కాని పాల్గొన్నవారు యువకులు. పైగా ముందే ఒప్పందం చేసుకుని ఒకే నిర్దేశం పాటించిన కేంద్రాల మధ్య కూడా యంత్రాన్ని బట్టి, చోటును బట్టి తేడా మిగిలిందని ఆ లెక్కే చెబుతోంది. అలాంటప్పుడు ఎక్కడో ఒక దేశంలో తయారైన ‘సాధారణ విలువల’ పట్టికతో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేరే కంపెనీ యంత్రం మీద తీసిన అంకెను పోల్చి చూడడానికి ఆధారం ఎక్కడుంది?

వృద్ధుల మీద చేసిన పునఃపరీక్షలు కొన్ని లేకపోలేదు. వాటిలోనూ ఒక వడపోత కనబడకుండా జరిగిపోతుంది. నడుము నొప్పితో అరగంట కదలకుండా పడుకోలేనివారు, తల వణికేవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, శిఖరాలు మసకబారి ‘నాణ్యత లేదు’ అని తీసివేసిన రికార్డులవారు అందరూ పోగా మిగిలేది ఆ వయసులో అందరికంటే దృఢంగా ఉన్న కొద్దిమంది. వారి మీద వచ్చిన విశ్వసనీయతను వదిలేసిన వారందరికీ వర్తింపజేయడం తర్కం కాదు.

2. గుంపు సగటుకు చాలినది ఒక మనిషికి చాలదు

విచలన గుణకం అంటే ఒకే మనిషిని పదేపదే కొలిచినప్పుడు విలువలు తమ సగటు చుట్టూ ఎంత శాతం చెదురుతాయో చెప్పే అంకె. ఐదు శాతం అనగానే చిన్నదిగానే వినిపిస్తుంది. అయితే ఒక వ్యక్తి విషయంలో రెండు కొలతల మధ్య తేడా నిజమైన మార్పో, కొలతలోని చెదురో చెప్పాలంటే ఆ అంకెను సుమారు 2.77తో హెచ్చించాలి, రెండు కొలతల్లోనూ దోషం ఉంటుంది కనుక రెండు వర్గమూలం, తొంభై ఐదు శాతం నమ్మకం కావాలి కనుక 1.96, ఈ రెంటి లబ్ధం అది. ఐదు శాతం విచలనం ఉన్న పరీక్షలో దాదాపు 14 శాతం కంటే తక్కువ తేడా ఏదైనా ఆ వ్యక్తి గురించి ఏమీ చెప్పదు. పది శాతం విచలనం ఉంటే ఆ హద్దు 28 శాతం దగ్గరికి పోతుంది. గాబా, గ్లూటాథయోన్ వంటి తక్కువ మోతాదు రసాయనాల్లో పది శాతం అరుదైన సంగతేమీ కాదు.

ఇప్పుడు వెతుకుతున్న మార్పు ఎంతటిదో చూడాలి. వయసుతోపాటు గాబా తగ్గుతుందని చెప్పిన ప్రసిద్ధ అధ్యయనాల్లో ఒకటైన గావ్ బృందం పరిశోధన 2013లో ఆ తగ్గుదలను దశాబ్దానికి సుమారు ఐదు శాతంగా లెక్కగట్టింది. ఆ లెక్కను ఏ అభ్యంతరమూ లేకుండా అంగీకరించినా, ఏడాదికి తగ్గేది అర శాతం. అత్యుత్తమ ప్రయోగశాలలోని ఐదు శాతం విచలనంతో కొలిచినా ఒక మనిషిలో ఆ తగ్గుదల కొలత దోషాన్ని దాటి బయటపడడానికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు పడుతుంది. పది శాతం విచలనమైతే యాభై ఏళ్లు దాటుతుంది. అరవై ఐదేళ్ల వ్యక్తిని ఏటా స్కాన్ చేసి ‘ఈ ఏడు కొద్దిగా తగ్గింది’ అని చెప్పే రిపోర్టు ఆ వ్యక్తి మెదడు గురించి కాక ఆ రోజు కొలత ఒడిదుడుకుల గురించి చెబుతున్నట్టు లెక్క.

రోగుల గుంపుకూ ఆరోగ్యవంతుల గుంపుకూ మధ్య తేడా కనబడింది కదా అనే జవాబు ఇక్కడ నిలవదు. వందమంది సగటులో కొలత దోషం పదో వంతుకు తగ్గిపోతుంది. అందుకే గుంపుల మధ్య చిన్న తేడా కూడా గణాంక పరీక్షలో తేలుతుంది. ఒక్క మనిషికి ఆ వెసులుబాటు లేదు. బియ్యం బస్తాలు తూచే కాటా బస్తాలకు నిక్కచ్చిగానే పనిచేస్తుంది, దాని మీద గొలుసు తూచి తరుగు ఎంతో తేల్చమంటేనే తగాదా.

3. పెద్ద అంకె వెనుక ఉన్న గారడీ

విశ్వసనీయతకు మరో కొలమానంగా ఐసీసీ అనే అంతర్వర్గ సహసంబంధ గుణకాన్ని చూపుతారు. మొత్తం తేడాల్లో మనుషుల మధ్య ఉన్న నిజమైన తేడాల వాటా ఎంతో అది చెబుతుంది. ఒకటికి దగ్గరగా ఉంటే మేలు. కాని ఈ గుణకం కొలత దోషం మీద ఎంత ఆధారపడుతుందో, ఎవరెవరిని ఎంచుకున్నారన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. కొలత దోషం ఐదు శాతమే అనుకుందాం. మనుషుల మధ్య నిజమైన చెదురు ఎనిమిది శాతమైతే గుణకం 0.72 వస్తుంది, నాలుగు శాతమైతే 0.39కి పడిపోతుంది. యంత్రం అదే, దోషం అదే. మారింది జనం మాత్రమే.

ఇరవై ఏళ్లవారినీ ఎనభై ఏళ్లవారినీ, లేదా రోగులనూ ఆరోగ్యవంతులనూ ఒకే నమూనాలో కలిపితే గుణకం సునాయాసంగా పెరుగుతుంది. ఆ పెరిగిన అంకెను పట్టుకుని, దాదాపు ఒకే తీరుగా ఉన్న ఆరోగ్యవంతులైన వృద్ధుల్లో ఒకరిని మరొకరి నుంచి వేరుచేసి చెప్పగలమనడం ఆ గుణకం నిర్వచనానికే విరుద్ధం. రెండు కొలతల మధ్య ఉత్త సహసంబంధం చూపి సరిపెట్టడమైతే ఇంకా బలహీనమైన పని. సహసంబంధం వేరు, పొందిక వేరు అని బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే లాన్సెట్ పత్రికలో విప్పి చెప్పినా ఆ అలవాటు పోలేదు.

4. వయసు కొలబద్దనే మారుస్తుంది

ఇది అన్నింటికంటే లోతైన లోపం. ఈ పరీక్షలో ఏదీ నేరుగా కొలవబడదు. ప్రతి మోతాదూ మరొకదానితో, అంటే నీటితో గాని క్రియాటిన్‌తో గాని, పోల్చి చెప్పేదే. పోలికకు పెట్టుకున్న ఆధారం వయసుతో కదలకుండా ఉంటేనే లెక్క నిలుస్తుంది. అది కదులుతుంది.

మొదట నీటి సంగతి. వయసు పెరిగేకొద్దీ మెదడు కొంత కుంచించుకుపోయి, ఖాళీ అయిన చోటును మస్తిష్కమేరు ద్రవం నింపుతుంది. ఆ ద్రవంలో ఎన్‌ఏఏ వంటివి దాదాపు ఉండవు. కొలత ఘనంలో మొదటిసారి పది శాతం ద్రవం, మూడేళ్ల తర్వాత పదిహేను శాతం ద్రవం ఉంటే, మెదడు కణజాలంలో ఒక్క అణువూ తగ్గకపోయినా మోతాదు ఐదున్నర శాతానికి పైగా పడిపోయినట్టు కనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి బొమ్మలోని ద్రవాన్ని, నాడీకణాల దేహాలుండే ధూసర పదార్థాన్ని, నాడీతంతువులుండే శ్వేత పదార్థాన్ని కంప్యూటర్ చేత వేరుచేయించి లెక్క సవరిస్తారు. మంచిదే. అయితే వృద్ధుల శ్వేత పదార్థంలో సన్న రక్తనాళాలు దెబ్బతిన్న చోట్ల ఏర్పడే మచ్చలను కంప్యూటర్ తరచు ధూసర పదార్థంగా పొరబడుతుంది. వయసు పెరిగేకొద్దీ మచ్చలూ పెరుగుతాయి కనుక సవరణలోని దోషం కూడా పెరుగుతుంది. సవరణ పద్ధతిని బట్టి, వయసుతో గాబా తగ్గుతుందన్న ఫలితమే మారిపోతుందని 2017లో పోర్జెస్ బృందం చూపింది. ఆ తరువాతి ఏడాది బెల్జియంలో మాయెస్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, వృద్ధులలో కనబడే గాబా తేడాకు మూలం కణజాలం పరిమాణంలో వచ్చిన మార్పే అని తేల్చింది. మెదడు బొమ్మ చూస్తేనే తెలిసే కుంచింపును రసాయన మార్పు పేరుతో మళ్లీ కనిపెట్టడం ఎంత కొత్త విషయమో పాఠకులే ఊహించుకోవచ్చు.

నీటితో ఇంత తంటా ఉంది కనుక క్రియాటిన్‌తో నిష్పత్తి తీస్తే సరి, ద్రవం ప్రభావం పైనా కిందా కొట్టుకుపోతుంది అని మరో వాదన. ద్రవం మట్టుకు కొట్టుకుపోతుంది, నిజమే. కాని క్రియాటిన్ స్వయంగా వయసుతో పెరుగుతుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. శ్వేత పదార్థంలో కంటే ధూసర పదార్థంలో అది ఎక్కువగా ఉండడంతో, రెండోసారి కొలత ఘనం కొద్ది మిల్లీమీటర్లు అటు జరిగినా నిష్పత్తి మారుతుంది. ఎన్‌ఏఏ చెక్కుచెదరకుండా ఉండి క్రియాటిన్ ఐదు శాతం పెరిగితే నిష్పత్తి ఐదు శాతం మేర పడిపోతుంది, చదివేవారు నాడీకణాలు నశించాయని అర్థం చేసుకుంటారు. ఇంతకంటే తలకిందుల నిర్ధారణ ఉండదు.

మూడోది సడలింపు కాలం. ఉద్దీపన ఇచ్చాక ప్రతి అణువు సంకేతమూ క్షీణిస్తూ పోతుంది; ఆ క్షీణతకు పట్టే కాలం యువకుల్లో కంటే వృద్ధుల్లో తక్కువని మినసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపారు. యంత్రం సంకేతాన్ని వెంటనే వినదు, కొన్ని మిల్లీసెకన్లు ఆగి వింటుంది. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే 144 మిల్లీసెకన్ల విరామంతో, క్షీణత కాలం ఒకరిలో 250, మరొకరిలో 220 మిల్లీసెకన్లు అనుకుని లెక్క వేస్తే, ఇద్దరి మెదళ్లలోనూ మోతాదు సరిసమానంగా ఉన్నా రెండోవారిది ఏడు శాతానికి పైగా తక్కువగా కనిపిస్తుంది. విరామం 30 మిల్లీసెకన్లయితే తేడా రెండు శాతంలోపే. రెండు కేంద్రాలు రెండు విరామాలతో పరీక్షలు చేసి, ఒకటి ‘వయసుతో తగ్గింది’ అని, మరొకటి ‘తగ్గలేదు’ అని ప్రకటిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. దాదాపు అన్ని అధ్యయనాలూ క్షీణత కాలాన్ని ప్రతి మనిషిలో విడిగా కొలవవు, అందరికీ ఒకే పుస్తక విలువ వాడతాయి. ఆ విలువలు ఎక్కువగా యువకులవే.

గమనించవలసిన విషయం ఏమంటే, ఈ మూడు దోషాలూ అటూ ఇటూ చెదిరే తరహావి కావు, ఒకే వైపు లాగేవి. అందువల్ల వారం వ్యవధిలో చేసిన పునఃపరీక్షలో ఇవి బయటపడనే పడవు. రెండుసార్లూ ఒకే తప్పు ఒకే మోతాదులో జరుగుతుంది కనుక విచలనం తక్కువగానే వస్తుంది. పునఃపరీక్షలో నెగ్గిన కొలతే ఏళ్ల తరబడి సాగే పోలికలో దారి తప్పించగలదన్నమాట.

5. సాఫ్ట్‌వేర్ ఇచ్చే దోషాంకం

రిపోర్టులో ప్రతి రసాయనం పక్కనా శాతంలో ఒక దోషాంకం ఉంటుంది, అది ఇరవై లోపు ఉంటే కొలత నమ్మదగినదని ఆనవాయితీ. క్రామర్–రావు అవధి అనే ఈ అంకె దోషం ఎంతో చెప్పదు. శిఖరాలను గీతతో సరిపోల్చే పనిలో దోషం ఇంతకంటే తగ్గదని మాత్రమే చెబుతుంది. మనిషి కదలిక, ఘనం స్థానం, కణజాలపు పాళ్లు దానికి పట్టవు. పైన చెప్పిన 2016 ప్రయోగంలోనే ఈ అంకె 7 టెస్లా యంత్రం మీద మెరుగ్గా ఉన్నా, వారం వారం వచ్చిన విచలనం రెండు యంత్రాల మీదా ఒక్కలాగే ఉంది. ఇరవై శాతం గీత గీసి దాటినవాటిని పారేయడం వల్ల మోతాదు నిజంగానే తక్కువ ఉన్నవారు జాబితాలోంచి జారిపోయి సగటు కృత్రిమంగా పెరుగుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త రోలాండ్ క్రైస్ అదే ఏడాది హెచ్చరించారు. అన్నిటికీ మించి, ఒకే రికార్డులను ఎల్‌సీమోడల్, టార్క్విన్, ఆస్‌ప్రే అనే మూడు సాఫ్ట్‌వేర్లకు ఇస్తే గుంపు సగటులు దగ్గరగా వచ్చినా మనుషుల వారీ విలువలు అంతగా కలవలేదని 2021లో తేలింది. మెదడు మారలేదు, స్కాన్ మళ్లీ చేయలేదు, మారింది ప్రోగ్రామ్ ఒక్కటే.

6. ‘చేయించుకుంటే నష్టమేముంది?’

రేడియేషన్ లేదు కనుక నష్టం లేదనేది చివరి వాదన. నష్టం అంకెలోనే ఉంది. ఆరోగ్యవంతుల్లో తొంభై ఐదు శాతం మంది విలువలు ఇమిడే పరిధిని సాధారణం అన్నప్పుడు, ఒక్కో రసాయనానికీ వందమందిలో ఐదుగురు ఏ జబ్బూ లేకుండానే పరిధి దాటుతారు. రిపోర్టులో ఐదు రసాయనాలు ఉండి, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారతాయనుకుంటే, వందలో సుమారు ఇరవై ముగ్గురికి ఏదో ఒక అంకె కింద గీత పడుతుంది. వాటి మధ్య సంబంధం ఉంటుంది కనుక ఆ సంఖ్య కొంత తగ్గవచ్చు, పోదు. ఆ గీత పడిన పెద్దవారికి తరువాత ఎదురయ్యేది మరో స్కాన్, నిద్రలేని రాత్రులు, అమెరికాలో ఉన్న పిల్లల కంగారు ఫోన్లు, చివరికి ఏ వైద్యుడూ పేరు పెట్టలేని ఒక అనుమానం.

‘ఆరోగ్యవంతుడు’ అన్న నిర్వచనమూ ఇక్కడ ఇబ్బందే. మధుమేహం ఉన్నవారి మెదడులో మయో ఇనాసిటాల్ పెరుగుతుందని క్రైస్, రాస్ 1992లోనే చూపారు. అధ్యయనాలు మధుమేహులను తొలగించి ‘ఆరోగ్యవంతుల’ పట్టిక తయారుచేస్తాయి. షుగరు మాత్ర వేసుకుంటూ, తమ పనులు తామే చేసుకుంటూ, తమను ఆరోగ్యవంతులుగానే లెక్కించుకునే పెద్దవారు తెలుగు ఊళ్లలో ఇంటింటా ఉన్నారు. వారి విలువను ఆ పట్టికతో పోల్చితే పెరిగిన మయో ఇనాసిటాల్ అల్జైమర్స్ తొలి జాడగా చదవబడే ప్రమాదం ఉంది.

పరిశోధనకూ ఇది చేటే. నమ్మదగని కొలత నిజమైన సంబంధాలను పలచబరుస్తుంది. పనిచేసే మందు పనిచేయనట్టు కనిపించవచ్చు, చిన్న నమూనాల్లో తగిలిన యాదృచ్ఛిక ఫలితం ప్రచురణకు నోచుకుని పదేళ్లు తప్పుదారి పట్టించవచ్చు.

స్పెక్ట్రోస్కోపీ పనికిరాని పరీక్ష అని దీని అర్థం కాదు. మెదడులో గడ్డ కట్టింది క్షయ వల్లనా కాదా అన్న అనుమానం వచ్చినప్పుడు కనిపించే కొవ్వు శిఖరం, కెనవాన్ వ్యాధి ఉన్న పసిపిల్లల్లో విపరీతంగా పెరిగే ఎన్‌ఏఏ, మైటోకాండ్రియా వ్యాధుల్లో మామూలుగా కనబడని చోట లేచే లాక్టేట్ జంట శిఖరం, ఇవి ఐదు శాతం తేడాల సంగతులు కావు. లేనిది ఉండడం, ఉన్నది రెట్టింపవడం వంటివి. అక్కడ ఈ పరీక్ష వైద్యుడికి నిజమైన తోడు. ఆ ప్రతిష్ఠను అప్పు తెచ్చుకుని ఆరోగ్యవంతులైన వృద్ధుల మీద వాడడమే అభ్యంతరకరం.

ఆరోగ్యవంతులైన వృద్ధుల్లోనూ ఈ కొలత నమ్మదగినదనే వాదన నిలబడాలంటే చూపవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. అరవై ఐదేళ్లు దాటినవారిని, షుగరు, బీపీ ఉన్నవారిని కూడా కలుపుకుని, యంత్రంలోంచి లేపి, రోజులు గడిచాక మళ్లీ పడుకోబెట్టి కొలవాలి. ఒక వ్యక్తిలో గుర్తించగల కనీస మార్పు ఎంతో ప్రతి రసాయనానికీ విడిగా ప్రకటించాలి. సడలింపు కాలాన్ని ఆ వయసువారిలోనే కొలవాలి. కణజాల సవరణ చేసిన విలువ, చేయని విలువ రెండూ పక్కపక్కన పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ అన్నది రాయాలి. నాణ్యత లేదని తీసివేసినవారి సంఖ్య దాచకూడదు. ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు, పరీక్ష వివరాలు కనీసం ఎంతవరకు నమోదు చేయాలో ఈ రంగం నిపుణులే 2021లో ఒక ప్రమాణం రాసుకున్నారు. ఈ పని జరిగేంతవరకు మెదడు రసాయనాల అంకెలు పరిశోధకుల పట్టికల్లో, గుంపుల సగటులుగా ఉండవచ్చు. ఏ జబ్బూ లేని ఒక పెద్దమనిషి చేతికి ఇచ్చే రిపోర్టులో, పోయినేటి అంకె పక్కన ఈ ఏటి అంకెగా, వాటికి చోటు లేదు.